నాన్న పంటిగాట్లు

నేను కడుపులో ఉండగానే మా నాన్న గోదారి వరదలో పోయాడు. ఆయన బొమ్మ గానీ, కట్టిన పంచె గానీ మా ఇంట్లో లేవు. మిగిలిందల్లా అటక మీద ఒక విసురువల. దాని నూలు ఎప్పుడో చివికిపోయింది. వల మునగడానికి అంచున కట్టిన సీసపు గుండ్లు మాత్రం సున్నం పట్టినట్టు తెల్లబడి పడున్నాయి.

నా పెళ్ళయిన ఏడాది, గోదారికి వరద ఎర్రనీరు వచ్చే ముందు, ఇల్లరికం వచ్చిన మా ఆయన కొత్త వల సిద్ధం చేసుకున్నాడు. అప్పట్లో రాజమహేంద్రవరం బజారులో కూడా సీసం తేలిగ్గా దొరికేది కాదు. పాత గుండ్లు వాడుకోనా అని మా అమ్మనడిగాడు. ఆవిడ వాటిని చేటలో పోసి, తోమి ఇమ్మని నాకు పురమాయించింది.

నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. గొణుక్కుంటూ బూడిదా, కొబ్బరి పీచూ వేసి రుద్దాను. తెలుపు వదిలేసరికి ప్రతి గుండుకీ నడుమ గుంటలు కనిపించాయి. ఎలుకలు కొరికిన సరుకు ఇంకెందుకని చేట అవతలికి తోసేశాను.

"ఎలకలు కాదే. మీ నాన్న," అంది అమ్మ.

మావాళ్ళు సీసపు రేకును తాడు చుట్టూ మడిచి, దవడ పళ్ళతో కొరికి బిగిస్తారు. సుత్తి దెబ్బకు తాడు నలుగుతుంది, పంటికైతే ఎంత బిగిసిందో తెలుస్తుంది. ఇంకో గుండు చూశాను, మరొకటి చూశాను. అన్నిటి మీదా ఒక లోతు గుంట, దాని పక్కన ఒక వాలు గాటు. ఆయనకి దవడలో ఒక పన్ను పక్కకి ఒరిగి ఉండేదట. నేను ఎన్నడూ చూడని మనిషి నోరు నా అరచేతిలో ఉంది.

కొత్త తాడుకి కట్టాలంటే వాటిని కత్తితో విప్పి మళ్ళీ కొరకాలి. ఆ గాట్లు పోతాయి. ఇవ్వనని గుండ్లన్నీ ఒళ్ళో పోసుకున్నాను. పాపం, మా ఆయన కత్తి పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"ఇన్నేళ్ళూ నేను దాచాను, చాలు. సీసం నీళ్ళలో ఉండాలి గానీ ఒళ్ళో కాదు," అంది అమ్మ.

మా ఇళ్ళలో గుండ్లు కట్టేది మగవాళ్ళే. అయితే నేనే కొరుకుతానన్నాను. మా ఆయన అమ్మ వైపు చూసి, తాడు నా చేతికిచ్చాడు.

నోట్లో సీసం చల్లగా, బూడిద రుచితో తగిలింది. నాన్న పళ్ళు దిగిన చోటే నా పళ్ళు దిగాయి. నా జన్మలో నేను మా నాన్నను తాకింది అప్పుడే.