బావ సైన్యానికి నా రంగులు

ఆ రోజుల్లో చేతిలో బ్రష్షు ఉంటే చాలు, లోకంలో రంగు తక్కువైన ప్రతి వస్తువూ నా బాధ్యతే అనిపించేది. శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు స్కూల్లో డ్రాయింగ్ టీచరుగా అప్పుడే చేరాను. ఇంట్లో పూలకుండీలు, గేటు, అమ్మ కుట్టుమిషను మూత అన్నీ అయిపోయాక (మూత మీద వేసిన నెమలిని అమ్మ ఇప్పటికీ బాతనే అంటుంది) నా కన్ను బావ ఆటపెట్టె మీద పడింది. మా అక్క మొగుడు ఆన్‌లైన్లో తెప్పించుకున్న బోర్డు ఆట అది. ఆదివారం చర్చి నుంచి వచ్చి భోంచేశాక అక్క, బావ, అమ్మ, నేను దాని చుట్టూ కూర్చునేవాళ్లం. అందులో బొటనవేలంత ప్లాస్టిక్ సైనికులు నలభైమంది. పదిమంది ఎరుపు, పదిమంది నీలం, పదిమంది ఆకుపచ్చ, పదిమంది పసుపు. తీర్థాల్లో అమ్మే పంచదార చిలకల్లా తళతళలాడేవారు. కత్తి నుంచి చెప్పుల దాకా ఒకటే రంగు! నాలాంటిది చూస్తూ ఊరుకుంటుందా?

బావ రెండు వారాల ట్రైనింగుకి హైదరాబాద్ వెళ్తూ పెట్టె మా ఇంట్లో వదిలాడు. వచ్చేసరికి రంగులేసి ఆశ్చర్యపరచాలనుకున్నాను. ఫోన్లో వీడియోలు చూస్తే, ముందు ప్రైమర్ కొట్టాలని ప్రతివాడూ చెబుతున్నాడు. అడుగున వేసే తెల్లరంగేగా అనుకుని, ఇనప గేట్లకు కొట్టే స్ప్రే డబ్బా ఒకటి తెచ్చి, డాబా మీద సైన్యాన్ని వరసగా నిలబెట్టి దట్టంగా కొట్టేశాను. మర్నాడు ముట్టుకుంటే వేలికి అంటుకుంది. మూడో రోజూ అంతే. నాలుగో రోజుకి వాళ్ల ఒంటి మీద రెండు దోమలు, నా వెంట్రుక ఒకటి చేరాయి. అమ్మ చూసి, "పౌడరు రాసి సూడే, జిగట పోతాది," అంది. రాశాను. నలభైమందీ పెళ్లిచూపులకు కూర్చున్నట్టు తయారయ్యారు గానీ జిగట పోలేదు. బావ రావడానికి ఇంక పదిరోజులే. నాకు ఏడుపొక్కటే తక్కువ.

చివరికి అందర్నీ టిఫిన్ డబ్బాలో వేసుకుని, స్కూలు దారిలో బళ్లకు నంబరు ప్లేట్లు రాసే, అందరూ బాబాయ్ అని పిలిచే పెద్దాయన కొట్టుకి వెళ్లాను. ఆయన ఒక సైనికుణ్ణి గోటితో గీకి, వాసన చూసి, "ముందు సబ్బెట్టి కడిగినావా తల్లీ?" అన్నాడు.

"లేదు బాబాయ్."

"అచ్చులోంచి వచ్చిన జిడ్డుంటాది గదా. దాని మీద ఇనప రంగు కొట్టేస్తే ఏటి ఆరతాది? ఇంతకీ నువ్వేటి సేస్తన్నావు?"

"డ్రాయింగ్ టీచర్ని," అన్నాను మెల్లగా.

ఆయన ఒకసారి నన్నూ, ఒకసారి టిఫిన్ డబ్బానీ చూశాడు. కిరసనాయిలు గిన్నె, పాత టూత్‌బ్రష్షు నా ముందుకు తోశాడు. రెండు సాయంత్రాలు అక్కడే కూర్చుని నలభైమందికీ తలంట్లు పోసి, సబ్బుతో కడిగాను. తడారాక ఆయన ప్లాస్టిక్ బంపర్లకు వాడే ప్రైమర్ని గన్నుతో దూరం నుంచి ఊదాడు. "దట్టంగా కొట్టకూడదు. పలసగా, అద్దం మీద ఊపిరి పట్టినట్టుండాల. సాలకపోతే మళ్లీ కొట్టు." అరగంటలో ఆరిపోయింది!

తర్వాతి వారమంత హాయైన వారం నాకు ఇంకోటి గుర్తు లేదు. స్కూలు నుంచి రాగానే కిటికీ దగ్గర కూర్చునేదాన్ని. చెప్పులకు గోధుమరంగు, కత్తులకు వెండిరంగు, కళ్లకు చీపురుపుల్ల కొనతో చిన్న చుక్క. ఒకడికి మా హెడ్మాస్టరుగారి బట్టతల వచ్చేసింది (కావాలని కాదు).

ఆదివారం బావ వచ్చాడు. ఒక్కొక్కణ్ణీ అరచేతిలో పెట్టుకుని చూసి, "ఏటే మరదలా, ప్రాణాలు పోసేసినావు!" అన్నాడు. నేను నేల మీద లేను. బోర్డు పరిచి, సైనికుల్ని పంచబోయి ఆగాడు. "అది సరే గానీ, వీళ్లల్లో ఎర్రోళ్లెవరు?"

నలభైమందీ ఒకే గోధుమరంగు చెప్పులతో, ఒకే వెండి కత్తులతో నావైపు చూశారు. ప్రతి ఆదివారం ఆకుపచ్చవాళ్లు నావాళ్లని దెబ్బలాడే నాకు, ఎవరి సైన్యం ఎవరిదో తెలిసేది ఆ రంగులతోనే అన్న సంగతి ఒక్కసారీ తట్టలేదు! అక్క నవ్వలేక మంచం మీద పడిపోయింది. అయినా ఆడాం. బావ తన సేనాపతిని తనే చంపుకుని, "బాగా తీసినాను!" అని చేతులు కూడా దులుపుకున్నాడు.

మర్నాడు మళ్లీ బాబాయ్ కొట్టుకే. సంగతి విని పడీపడీ నవ్వాడు. నంబర్లు రాసే సన్న బ్రష్షుతో సైనికుల కాళ్ల కింది బిళ్ల అంచుకి చుట్టూ గీత తిప్పాడు, పదేసిమందికి ఒక్కో రంగు. చెయ్యి వణికితే ఒట్టు. అంతా అయ్యాక ఒకణ్ణి మాత్రం కింద పెట్టకుండా పట్టుకుని, కాస్త మొహమాటంగా, "ఇన్నేళ్ల నుంచి అంకెలే రాస్తన్నాను. ఈడికి మీసం నన్ను పెట్టనీ తల్లీ," అన్నాడు.

ఆవగింజంత మూతి మీద మెలితిరిగిన మీసం! ఆ ఒక్కడి ముందు నా ముప్ఫైతొమ్మిదిమందీ వెలవెలపోయారు.

ఆ ఆట ఇంకా బావ ఇంట్లో ఉంది. చూసినవాళ్లందరూ ముందు ఆ మీసాలవాణ్ణే చేతిలోకి తీసుకుని, ఎవరేశారని అడుగుతారు. అప్పట్లో తడుముకోకుండా "నేనే" అనేదాన్ని. మొన్న అక్క కూతురు అడిగితే మాత్రం బాబాయ్ సంగతి చెప్పాను. చెబుతుంటే, అన్నాళ్లూ ఆ మీసాన్ని తన ఖాతాలో వేసుకు తిరిగిన ఆ కొత్త డ్రాయింగ్ టీచరు గుర్తొచ్చింది. కోపమేం రాలేదు. పాపం, ఎంత మురిసిపోయేదో అని నవ్వొచ్చింది.