గాలం లేని దారం

చూపుడువేలి మీద దారం మెల్లగా మూడుసార్లు లాగింది. కాస్త ఆగి, మళ్లీ మూడుసార్లు. చేప కాదని వెంటనే తెలిసిపోయింది. చేప కొట్టుకుంటూ లాగుతుంది, ఇలా అడిగినట్టు లాగదు. ఈ పడవ ఇక్కడ ఉండకూడదు అనిపించింది.

దెయ్యాలూ ఆత్మలూ అని ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్లిపోయే మనిషిని నేను. కాలేజీలో ఫిజిక్స్ చదివాను. నా భయాలన్నీ లారీలు, కరెంటు తీగలు, తడి మెట్లు, పిల్లల జ్వరాల గురించే. చనిపోయినవాళ్లకి భయపడే తీరిక నాకెప్పుడూ దొరకలేదు.

పిల్లలిద్దరూ నిద్రపోయారు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మాది పట్నంలో చూలై. మా నాయన ఇక్కడే లేత్ షాపులో పని చేసేవాడు. నా చిన్నప్పుడు ఆదివారం వస్తే నన్ను ఎన్నూరు వైపు సముద్రానికి తీసుకుపోయి, తన స్నేహితుడు మునుస్వామి మామ పడవలో గాలం వేయించేవాడు. ఆ పడవలో ఒక కట్టుబాటు ఉంది. దారం నీళ్లలో ఉన్నంతసేపూ ఎవరూ మాట్లాడకూడదు. అందుకని ఇంటికి పోయే వేళకి నాయన పక్కనుంచి చెయ్యి చాచి, నా దారం పట్టుకుని మెల్లగా మూడుసార్లు లాగేవాడు. చుట్టెయ్, పోదాం అని అర్థం. మామ వెనక ఇంజన్ దగ్గర ఉండేవాడు, ఆయనకి అది కనపడేది కాదు. నేను కూడా ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోదగ్గ విషయమని అనుకోలేదు.

నాయన పోయి మూడేళ్లయింది.

మా పాప హాసినికి తొమ్మిదేళ్లు. వాళ్ల తాతతో నేను పడవ ఎక్కేదాన్నని తెలిసినప్పటినుంచి, నన్నూ తీసుకుపో అని ప్రాణం తీసింది. పోయిన శనివారం ఒప్పుకున్నాను. లైఫ్ జాకెట్ ఇంట్లోనే తొడిగి ఆటో ఎక్కించాను. మా చిన్నవాణ్ణి ఎత్తుకుని గుమ్మంలో నిలబడ్డ మా ఆయన, "డ్రైవరన్నా, బ్రిడ్జి దగ్గర అలలు జాస్తి, చూసి పో" అన్నాడు. డ్రైవర్ కూడా నవ్వాడు. నేను నవ్వలేదు.

మునుస్వామి మామది ఇప్పుడు చిన్న ఫైబర్ పడవ. ఎండ రాకముందే బయల్దేరాం. కొంత దూరం పోయాక మామ ఇంజన్ ఆపి లంగరు వేశాడు. పడవ ఒరగకుండా మా ఇద్దరినీ వీపుకి వీపు ఆనేలా చెరో పక్కకి తిప్పి కూర్చోబెట్టాడు. నా చున్నీ ఒక కొస హాసిని జాకెట్‌కి ముడివేసి, రెండో కొస నా ఎడమచేతికి చుట్టుకున్నాను. కుడిచేతి వేలి మీద దారం. నా రెండు చేతుల సంగతీ ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానో తర్వాత తెలుస్తుంది.

పావుగంట గడిచిందో లేదో మంచు కమ్మింది. వెనక కూర్చున్న మామ ముఖమే మసకగా ఉంది. ఆయన కంగారుపడలేదు. కదలొద్దని చేత్తో సైగ చేశాడు.

అప్పుడే నా దారం లాగింది.

కట్టుబాటు తప్పాను. "మామా, పోదాం. ఇప్పుడే పోదాం."

"గమ్మునుండు పాపా. మంచులో ఇంజన్ ఏస్తే ఏడ పోయి కొట్టుకుంటామో. ఇది పోయేదాకా ఈడే ఉండాల."

"ఈడ వద్దు మామా. దండం పెడతా."

"మీ నాయన ఉంటే నీ చెవి మెలేసుండేవాడు" అని గొణిగాడు. కానీ నా గొంతులో ఏం విన్నాడో, లేచాడు. లంగరు పైకి లాగే ఓపిక లేక, దాని తాడుకి ఖాళీ ప్లాస్టిక్ క్యాను కట్టి నీళ్లలో వదిలాడు, తర్వాత వచ్చి తీసుకోవచ్చని. పడవ ఒడ్డు వైపు మెల్లగా కదిలింది.

వెనక్కి తిరిగి చూస్తే హాసిని తన దారం అప్పటికే చెక్కకి చుట్టేసి ఒళ్లో పెట్టుకుని ఉంది. విసుగొచ్చిందేమో అనుకున్నాను. నా దారం చుట్టాను. కొసన గాలమూ లేదు, సీసపు గుండూ లేదు. కత్తితో కోసినట్టు తెగి ఉంది. ఇంతసేపూ నీళ్లలో ఉన్నది నాలుగు బారల ఉత్త దారం.

ఐదు నిమిషాలు కూడా కాలేదు. ముందు పడవ అడుగు అదిరింది, తర్వాత పెద్ద ఇంజన్ చప్పుడు వినపడింది. హారన్ లేదు. మంచులో మా వెనకగా, మేము వదిలి వచ్చిన వైపు, నల్లటి గోడ లాంటిదేదో సాగిపోయింది. దాని అల వచ్చి మా పడవని ఎత్తి పడేసింది. హాసినిని ఒళ్లోకి లాక్కున్నాను.

మంచు విడిపోయాక లంగరు కోసం ఒక్కడే పోయాడు. తిరిగొచ్చి, నా ముందు ఇసకలో ఆ క్యాను పెట్టాడు. నిలువునా చీలిపోయి ఉంది. మూరెడు తాడు మాత్రం వేలాడుతోంది.

"నీకెట్ట తెలిసింది పాపా?"

టీ తాగుతావా మామా అని అడిగాను.

దారం కొరికేసే చేపలుంటాయని మామే చెప్పాడు. సరే. మరి కొస తెగిన దారాన్ని ఏది లాగింది? ప్రవాహమైతే ఒకే బిగువుగా లాగుతుంది. పడవ ఊగినా అంతే. భయానికి నా వేలే అదిరి ఉంటుంది అని తేల్చుకున్నాను. చదువుకున్నదాన్ని కదా, ఆ రోజంతా ఆ మాట మీదే ఉన్నాను.

మరునాడు పొద్దున ఇడ్లీ తింటూ హాసిని అడిగింది.

"అమ్మా, నిన్న నా దారం ఎందుకు లాగినావు?"

"ఎప్పుడు?"

"మంచు వచ్చినప్పుడు. మూడుసార్లు. చుట్టెయ్ అన్నట్టు. అందుకే చుట్టేశా. మాట్లాడితే మామ తిడతాడని అడగలేదు."

నా చేతులు రెండూ ఎక్కడున్నాయో నాకు తెలుసు. అప్పటికి మామ ఇంజన్ దగ్గరనుంచి లేవనే లేదు. ఇక్కడ నాయన పేరు రాయాలని చెయ్యి పోతోంది. రాయలేను. నాకు తెలియదు. ఇన్ని రోజులు ఆలోచించినా తెలియలేదు.

హాసిని ముఖంలో భయమేమీ లేదు. జవాబు కోసం నా వైపే చూస్తోంది.

"ఆఁ, నేనే లాగినా" అన్నాను.

మా చిన్నవాడు మూతినిండా చట్నీతో తలెత్తాడు. "నన్ను కూడా లాగుతావా?"

"నిన్ను కూడా లాగుతానురా" అని చెప్పాను.