వెనకవైపు తెల్ల గుర్తు

ఊరి చుట్టూ ఉన్న నడకదారులన్నీ రంగు బాబాయికి కొట్టిన పిండి. గుట్ట, దాని కింద అడవి, అడవిని ఆనుకుని చిత్తడినేల, అన్నీ కలిపి రక్షిత ప్రాంతం. అక్కడి చెట్లకు దారి గుర్తులు వేయడమే ఇరవయ్యారేళ్లుగా ఆయన ఉద్యోగం. ఇదీ ఒక ఉద్యోగమేనా అని నవ్వేవాళ్లు లేకపోలేదు. అలా నవ్విన పెద్దమనుషులే దారి తప్పి, పొదల్లో నిలబడి "బాబాయ్" అని గొంతు చించుకున్న రోజులున్నాయి. ఆయన వెళ్లి తీసుకొచ్చేవాడు. ఆ తర్వాత ఏడాదిపాటు వాళ్లు ఎదురుపడినప్పుడల్లా ఆ సంగతి ఎత్తి దెప్పేవాడు.

పని నేర్పిన పెద్దాయన ఒకటే మాట చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పాడు. వెళ్లేవాళ్లకు ఎదురయ్యే వైపు పసుపు, అదే చెట్టుకు వెనకవైపు తెలుపు. పసుపు చూసుకుంటూ వెళ్లిన మనిషి తెలుపు చూసుకుంటూ ఇంటికి రావాలి. తెలుపు వేయకుండా ఒక్క చెట్టు దాటినా, మనిషిని లోపలికి పంపి తలుపు మూసినట్టే. పెద్దాయన పోయి పదేళ్లయింది. బాబాయి మాత్రం ఈనాటికీ రెండు డబ్బాలు, రెండు కుంచెలు లేకుండా అడుగు బయటపెట్టడు.

వానలు వెలిసిన వారంలో మూడో మలుపు దగ్గర ఆయన ఆగిపోయాడు. దారి అక్కడ కుడికి తిరిగి గుట్టెక్కాలి. ఎడమపక్క చెట్టు మీద అరచేతి వెడల్పున పసుపు గుర్తు ఉంది. ఇంకాస్త అవతల మరొకటి. ఒకదాని దగ్గర నిలబడితే ఇంకొకటి కనబడేలా, కొలిచి వేసినట్టు పదకొండు గుర్తులు తిన్నగా ఊబిలోకి వెళ్లాయి. చెట్ల వెనక్కి వెళ్లి చూశాడు. ఒక్కదానికీ తెలుపు లేదు. ఎవరో ఆకతాయి పని అనుకుని, తిట్టుకుంటూ కత్తితో అన్నీ గీకేశాడు.

నాలుగు రోజులకు మళ్లీ వచ్చాయి. ఈసారి ఆయన చూసేలోపే రోజూ నడకకొచ్చే లెక్కల మాస్టారు వాటి వెంట వెళ్లి, నడుము లోతు బురదలో రెండు గంటలు ఇరుక్కుపోయాడు. తాడేసి లాగాక మాస్టారు ఒక్క మాటే అన్నాడు. "నీ గుర్తే కదా అని నమ్మానయ్యా." తిట్టినా బాగుండేది. ఇంకొకరు అలా వెళ్లి తిరిగి రాకపోతే ఇరవయ్యారేళ్ల పనికి అర్థం ఉండదని ఆ రాత్రి ఆయనకు కంటి మీద కునుకు లేదు.

ఇంకో సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. ఆ పదకొండు చెట్ల వరస ఆయనకు తెలుసు. చిత్తడిలోకి నీళ్లు ఎక్కకముందు, ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఆయనా పెద్దాయనా కలిసి వేసిన మొట్టమొదటి దారి అది. దాని సంగతి తెలిసినవాళ్లు ఇద్దరే. ఒకాయన పోయాడు. పోయినవాడే వచ్చి వేస్తున్నాడా అని కాసేపు నిజంగానే భయపడ్డాడు. కానీ పెద్దాయన చచ్చినా తెలుపు మర్చిపోడు. పైగా ప్రతి గుర్తుకూ చివర చిన్న తోక పైకి లేచింది. విరిగి అతుక్కున్న బొటనవేలితో కుంచె పట్టేవాళ్లకే అలా వస్తుంది. ఆ ఊళ్లో అలాంటి వేలు ఆయనొక్కడికే ఉంది.

ఎవరో తన చెయ్యి దొంగిలించారని ఆయన తీర్మానించుకున్నాడు. నవ్వకండి, ఆ క్షణంలో అదే ఆయనకు తేలికైన సంగతి. మధ్యాహ్నం పనిముట్ల గదిలో కునుకు తీసి లేచేసరికి బూట్లు తడిగా ఉంటున్నాయి. గది కప్పు కారుతోందని ఆఫీసుకు కాగితం కూడా పెట్టాడు. వానలు పోయి రెండు వారాలయిందని ఆయనకు తట్టలేదు.

తర్వాతి వారం మూడో మలుపు దగ్గర అడ్డంగా తాడు, "మరమ్మతు" అని అట్టముక్క కనిపించాయి. ఆఫీసువాళ్లకు ఇన్నాళ్లకు బుద్ధొచ్చింది అనుకుని తాడు దాటాడు. పసుపు గుర్తులు మళ్లీ ఉన్నాయి. అయితే ఈసారి చెట్ల వెనక తెలుపు కూడా ఉంది. వంకరటింకరగా, రంగు కారిపోయి, పని రానివాళ్లెవరో వేసిన తెలుపు. అంటే ఒకరు కాదు, ఇద్దరు తిరుగుతున్నారు. ఒకరు లోపలికి పిలుస్తున్నారు, ఇంకొకరు బయటికి దారి చూపిస్తున్నారు. పసుపు గీకేశాడు గానీ, తెలుపు గీకడానికి చెయ్యి రాలేదు.

తాడోపేడో తేల్చుకుందామని మర్నాడు కునుకు మానేసి, మలుపు దగ్గర బండ మీద కాపు కూర్చున్నాడు. ఎండ చురుక్కుమంటోంది. పిట్టల అలికిడి కూడా లేదు. కాలి మీదికి చీమ పాకితే దులుపుకున్నాడు.

కాళ్లు చల్లబడ్డాయి.

కిందికి చూసుకుంటే మోకాళ్ల దాకా నల్లటి నీళ్లు. చేతిలో కుంచె. ఎదురుగా పదకొండో చెట్టు, దాని మీద తడి ఆరని పసుపు. దాని అవతల చెట్టు లేదు, నేల లేదు. మెల్లగా వెనక్కి తిరిగాడు.

పదో చెట్టు దగ్గర, తెల్ల డబ్బా పట్టుకుని ఆయన కూతురు నిలబడి ఉంది. గేటు దగ్గర కిటికీలో కూర్చుని, వచ్చేపోయేవాళ్ల పేర్లు రాసుకునే ఉద్యోగం ఆమెది. చీలమండల దాకా బురద. ఆమె ఏమీ ఆశ్చర్యపోలేదు.

"తెలివొచ్చిందా నాన్నా?"

ఆయన చేతిలోని పసుపు కుంచె చూసుకున్నాడు. "ఎన్నిసార్లమ్మా?"

"నేను చూశాక ఇది ఆరోసారి. తాడు కట్టింది నేనే, ఎవరూ ఇటు రాకుండా."

"ఆపొచ్చు కదే నన్ను."

"మొదటిసారి చెయ్యి పట్టుకుని ఆపాను. నువ్వెవరమ్మా అని అడిగావు." ఆమె కుంచెను డబ్బా అంచుకు రాసింది. "అందుకే వెనకాలే వస్తున్నాను."

"నాకు చెప్పాల్సింది."

"చెప్పాను నాన్నా. ఇక్కడే, మూడుసార్లు."

ఆయనకు ఏడుపొచ్చింది. కూతురి ముందు దాచుకోవాలని కూడా అనిపించలేదు. కాసేపటికి పసుపు కుంచె ఆమెకు ఇచ్చేశాడు. "ఇది దాచెయ్. ఎక్కడ దాచావో నాకు చెప్పకు."

"పోయినసారీ ఇలాగే అన్నావు. దాచాను. నువ్వు వెతుక్కున్నావు." ఆమె చెయ్యి చాచింది. "రేపు పొద్దున్నే డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం. ఈసారి నిన్ను అడిగేది లేదు."

ఆయన ఆ చెయ్యి పట్టుకుని ఒడ్డువైపు చూశాడు. కొట్టిన పిండి లాంటి ఆ అడవిని అటునుంచి చూస్తే ఏమాత్రం పోల్చుకోలేకపోయాడు. చెట్ల మీద వంకర తెల్ల గుర్తులు మాత్రం ఒకదాని వెనక ఒకటి కనబడుతున్నాయి. కుంచె రంగులో మరీ ఎక్కువ ముంచుతోంది అనుకున్నాడు గానీ, పైకి అనలేదు. ఇరవయ్యారేళ్లలో మొదటిసారి, ఊళ్లో అందరిలాగే, ఎవరో వేసిన గుర్తులు నమ్ముకుని ఆయన ఇంటికి నడిచాడు.