అన్నిటికీ సరే అన్న ఎల్లస్వామి

ఎల్లస్వామి గొంతు తీసేసి నాలుగేళ్లయింది గానీ, ఈ మధ్యదాకా మా కాలనీలో అతనికన్నా ఎక్కువ మాట్లాడేవాడు లేడు. ఈ మాట అంటే కొత్తవాళ్లు నన్ను ఎగాదిగా చూస్తారు. చూడనివ్వండి, నాకేం. ఉన్న విషయమే చెబుతున్నాను.

మాది పినపాక మండలంలో, మణుగూరు పోయే రోడ్డు పక్కన, బొగ్గు బాయిల్లో రిటైరైనవాళ్లు తలా ఇంత జాగా కొనుక్కుని కట్టుకున్న కాలనీ. వెనక అడవి, ముందు బొగ్గు లారీల దుమ్ము. ఎల్లస్వామిది మా ఎదురిల్లు. బాయి లోపల పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని చేసేవాడు. ఒకసారి కప్పు పెళ్ల ఊడిపడి కుడిచేయి నలిగింది. బొటనవేలు ఒక్కటే దక్కింది, మిగతా వేళ్లు వంగవు. పెన్ను పట్టుకోలేడు. ఎడమచేత్తో రాద్దామని కొన్నాళ్లు చూసి, తను రాసింది తనే చదవలేక మానేశాడు. నోరుంది కదా, రాతతో పనేమిటి అనేవాడు. రిటైరైన ఏడాదికే గొంతులో కేన్సర్ అన్నారు. హైదరాబాద్ తీసుకుపోయి ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. ప్రాణం మిగిలింది. మెడ దగ్గర ఒక రంధ్రం, దానికి అడ్డంగా ఎప్పుడూ ఒక తెల్లబట్ట.

అంత వాగుడుకాయకి అట్లాంటి శిక్ష పడితే ఏమవుతుంది? ఇంట్లోనుంచి బయటికి రాలేదు. భార్య బతుకమ్మ అన్నం పెడితే తినేవాడు, లేకపోతే గోడవైపు తిరిగి పడుకునేవాడు. అతన్ని మళ్లీ మనిషిని చేసింది ఒక బటన్ల ఫోను. తెలుగు అక్షరాలు చెక్కిన బటన్లు. ఏ బటన్ ఎన్నిసార్లు నొక్కితే ఏ అక్షరం వస్తుందో ఆ బొటనవేలికి కంఠతా వచ్చేసింది. చూడకుండా కొట్టేవాడు. దుప్పట్లో చెయ్యిపెట్టి కొట్టేవాడు. నడుస్తూ, చాయ్ తాగుతూ, ఎదుటివాడి కళ్లలోకి చూస్తూ కొట్టేవాడు. బాయిలో లైటు ఆరిపోతే గోడ తడుముకుంటూ దారి పట్టిన మనిషికి ఇదొక లెక్కా?

సాయంత్రం చాయ్ దుకాణం దగ్గర కూర్చుంటే మా జేబుల్లో ఫోన్లన్నీ ఒకేసారి టింగుమనేవి. అతనితోపాటు ఒకే షిఫ్టులో పనిచేసిన జకర్యా ఓరోజు తలకి రంగు వేసుకుని వచ్చాడు. వచ్చి బెంచీమీద ఇంకా సరిగ్గా కూర్చోనేలేదు, అందరి ఫోన్లూ మోగాయి. "జకర్యా నెత్తి మీద బొగ్గు తేలింది. బాయి తవ్వుదామా?" జకర్యా కూడా నవ్వి నవ్వి పొలమారి దగ్గాడు. ఎల్లస్వామి మాత్రం ఏమీ ఎరగనట్టు చాయ్ ఊదుకుంటున్నాడు.

ఆ ఫోను ముసలిదై చచ్చిపోయింది. అట్లాంటిది మళ్లీ దొరకలేదో, దొరికినా కొనబుద్ధి కాలేదో తెలియదుగానీ, కొడుకు సంపత్ ఈసారి అరచేయంత అద్దం ఫోను తెచ్చాడు. సంపత్ సత్తుపల్లిలో ఓపెన్‌కాస్ట్ గనిలో డంపర్ నడుపుతాడు, మంచి పిల్లవాడు. భార్య సరితను కూడా వెంటబెట్టుకుని వచ్చాడు. మేమంతా చుట్టూ చేరాం. సంపత్ ఒక్కొక్కటీ చూపిస్తూ, చివరికి తెరమీద మైకు బొమ్మ చూపించాడు.

"ఇది మస్తు అల్కగ నాయినా. కొట్టుడే అక్కర్లేదు. ఇది నొక్కి మాట్లాడితె అదే రాసుకుంటది."

అనేశాక తెలిసింది వాడికి, తను ఎవరితో ఏమన్నాడో. సరిత తలవంచుకుంది. ఎల్లస్వామే కొడుకు భుజం తట్టి, చాయ్ పెట్టమని బతుకమ్మకి సైగ చేశాడు. ఆ రోజుకి అట్లా గడిచిపోయింది.

అద్దానికి గుంటలుండవు, గుబ్బలుండవు. వేలికి ఆనవాలు ఏమీ తగలదు. పైగా ఆ బొటనవేలు మామూలు వేలా? దుంగలు మోసి మోసి చర్మం చెప్పు అట్టలాగా అయిపోయింది, ఎడమచేతి వేళ్లూ అంతే. ఒక్కోసారి అద్దం దాన్ని గుర్తించనే గుర్తించదు, గుర్తిస్తే పక్కపక్క అక్షరాలు రెండూ పడతాయి. ఒక అక్షరం నొక్కగానే పై వరుసంతా మారిపోయి గుణింతాలు వచ్చి కూర్చుంటాయి. అక్షరం వెతుక్కునేలోపు అది ఉన్నచోట ఉండదు. ఇవన్నీ నాకు అప్పుడు తెలుసనుకునేరు. తరవాత తెలిశాయి. అప్పట్లో నాకు కనిపించింది ఒక్కటే. ఎల్లస్వామి మారిపోయాడు.

జకర్యా కావాలని కవ్విస్తూ ఇంత పొడుగు మెసేజ్ పెట్టాడు. ఒకప్పుడైతే పదింతలు తిరిగొచ్చేది. ఈసారి ఒకే మాట వచ్చింది, సరే. నేను ఏదో అడిగితే సరే. చాయ్ దుకాణానికి రావడం తగ్గించాడు. వచ్చినా ఫోను బల్లమీద బోర్లాపెట్టి కూర్చునేవాడు. చేత్తో ఏదో చెప్పబోతే, చేతులెందుకన్నా, అంత మంచి ఫోనుంది కదా, అందులో కొట్టు అనేవాళ్లం. పెద్ద ఫోను వచ్చేసరికి పెద్దమనిషి అయిపోయాడని జకర్యా గొణిగాడు. సంపత్ మాత్రం సంబరపడ్డాడు. ఒకప్పుడు ప్రతిదానికీ అడ్డం తిరిగే నాయిన ఇప్పుడు ఏమన్నా సరే అంటున్నాడనీ, ఆ ఫోన్లో వీడియోలు చూసుకుంటూ మనసు చల్లబడ్డట్టుందనీ మా అందరికీ చెప్పుకున్నాడు.

అదే సంబరంలో ఇంకో మెసేజ్ పెట్టాడు. సత్తుపల్లిలో తన ఇంటిపైన రెండు గదులు ఖాళీ అయ్యాయి, ఇక్కడి ఇల్లు కిరాయికిచ్చి ఇద్దరూ వచ్చెయ్యండి అని. జవాబు వచ్చింది, సరే.

నాకు నమ్మబుద్ధి కాలేదు. ఈ ఇంటి పునాదిలో రాయి రాయీ తనే మోసుకొచ్చిన మనిషి. భద్రాచలంలో తెలిసినవాళ్లింటికి పోయినా సాయంత్రానికి బూర్గంపాడు దాటి ఇటు వచ్చేస్తేగానీ నిద్రపట్టదనేవాడు. అట్లాంటివాడు ఒక్కమాటలో ఊరు వదిలేస్తానన్నాడా? కానీ వాడి కొడుకు, వాడి ఇల్లు, మధ్యలో నేనెవరిని అనుకుని ఊరుకున్నాను.

బతుకమ్మ మూటలు కట్టడం మొదలుపెట్టింది. అటకమీది ఇత్తడి గిన్నెలు దించి గోనెసంచిలో పెడితే, ఎల్లస్వామి వెనకే వచ్చి వాటిని తీసి మళ్లీ అటక ఎక్కించేవాడు. ఆమె రెండోసారి సర్దితే అతను రెండోసారి తీసేవాడు. చేతులు ఊపేవాడు, తల అడ్డంగా ఊపేవాడు. ఈ గిన్నె కాదు అంటున్నాడనుకుని ఆమె ఇంకో గిన్నె తీసేది. అన్నేళ్లు కష్టపడి కూడబెట్టుకున్న సామాను, కదిలించబుద్ధి కావడం లేదు కాబోలని మేమందరం జాలిపడ్డాం. చూస్తూ ఉంటే మరీ బాధపడతాడు, పడుకున్నప్పుడు సామాను లారీ ఎక్కించేద్దాం అని సంపత్ ఫోన్లో తల్లికి చెప్పాడు.

ఈ ఆలోచన బాయి పని ఎరగని ఇంట్లో ఎవరికీ రాదు. వచ్చినా సాగదు. మా ఇళ్లలో మగవాడు రాత్రి షిఫ్టు చేసి పొద్దున వచ్చి పడుకుంటే, ఇల్లంతా ఊపిరి బిగబట్టి బతుకుతుంది. గుమ్మం బయట బాయి బూట్లు కనిపిస్తే కూరగాయల బండివాడు కూడా కేక వేయడు. గిన్నె కింద బట్ట పరిచి పెడతారు. కుక్కర్ పెట్టరు. పాలు తాగే పిల్లలు తప్ప అందరూ సైగలతోనే కొట్లాడుకుంటారు. నిద్ర సరిగ్గా లేనివాడు బాయిలోకి దిగితే తిరిగి వస్తాడో రాడో, అందుకని. రిటైరై ఇన్నేళ్లయినా ఎల్లస్వామికి పగటినిద్ర అలవాటు పోలేదు, బతుకమ్మకి ఆ జాగ్రత్తా పోలేదు.

ఆదివారం పొద్దున అతను తిని పడుకున్నాక లారీ వచ్చి వీధి చివర ఆగింది. సంపత్, సరిత, జకర్యా, నేను, ఇంకా నలుగురైదుగురు. అందరం బాయి ఇళ్లవాళ్లమే, ఎవరికీ ఏమీ నేర్పనక్కర్లేదు. బీరువాని చెప్పుల్లేని కాళ్లతో మోశాం. స్టవ్, సిలిండర్, రోలు, దేవుడి పటాలు, గోడ గడియారం, అన్నీ పోయాయి. చెంచా చప్పుడు కాలేదు. మా పనితనానికి నేనే లోపల్లోపల మురిసిపోయాను. చివరికి అతను పడుకున్న మంచం ఒక్కటే మిగిలింది.

ఎల్లస్వామి లేచాడు. నేను గుమ్మంలోనే ఉన్నాను కాబట్టి చూశాను. లేచి కూర్చుని గోడవైపు చూశాడు. గడియారం ఉన్నచోట మేకు ఉంది. అవతలి గదిలోకి పోయాడు, వంటింట్లోకి పోయాడు, మళ్లీ మొదటి గదిలోకే వచ్చాడు. తప్పు ఇంట్లోకి వచ్చానేమో అన్నట్టు నా మొహం చూశాడు. ఆ చూపుతో నాకు అర్థమైంది. అతనికి తెలియదు. లారీ వస్తుందని, ఇవాళే పోతున్నామని అతనికి తెలియదు. కొడుకు వచ్చి ఎదురుగా కూర్చుని అడుగుతాడు, అప్పుడు తల ఊపి రానని చెబుదాం అనుకుని, ఆ ఒక్క ధైర్యంతో ఉన్నాడు.

బయటికి వచ్చి లారీ దగ్గర సంపత్ చొక్కా పట్టుకున్నాడు. తల అడ్డంగా ఊపాడు. సంపత్‌కి నవ్వు, కంగారు రెండూ వచ్చాయి.

"ఏందో ఫోన్ల కొట్టు నాయినా. గట్ల చేతులూపితె నాకు సమజైతలేదు."

ఎల్లస్వామి ఫోను తీశాడు. మేమంతా చుట్టూ నిలబడ్డాం. చాలాసేపు పట్టింది. సంపత్ జేబులో టింగుమంది. తీసి చదివి, ఊపిరి పీల్చుకుని, సరేనంటుండు అని అందరికీ చెప్పాడు.

అప్పుడు ఎల్లస్వామి కొడుకు మెడ పట్టుకుని తన ఫోను మీదికి వంచాడు. చూడు అన్నట్టు. రాను అని కొట్టబోయి బొటనవేలు 'ర' మీద పెట్టాడు, వేరేది పడింది. చెరిపాడు. మళ్లీ పెట్టాడు, రెండు పడ్డాయి. చెరిపాడు. ఇంకోసారి పెట్టేసరికి వరుస మారిపోయింది. అక్షరాలకి పైన, ఫోను తనంతట తాను మూడు మాటలు పెద్దపెద్దగా పెట్టి చూపిస్తోంది. వాటిలో అంత పెద్ద వేలికి అందేది 'సరే' ఒక్కటే, నొక్కగానే దానంతటదే వెళ్లిపోతుంది. దాన్ని నొక్కాడు. సంపత్ జేబులో టింగుమంది. మళ్లీ నొక్కాడు. మళ్లీ మోగింది. కళ్లనుంచి నీళ్లు కారుతుంటే ఆపకుండా నొక్కుతూనే ఉన్నాడు, కొడుకు జేబు మోగుతూనే ఉంది.

రెండు నెలలుగా మా మధ్య ఈ మనిషి గొంతు రెండోసారి పోయింది, ఒక్కరంటే ఒక్కరికి తెలియలేదు. సంపత్ తన ఫోను తీసి పాత మెసేజ్‌లు వెనక్కి జరుపుకుంటూ పోయాడు. తిన్నావా నాయినా అని అడిగితే సరే. పానం ఎట్లుంది అంటే సరే. నేను యాదికొస్తున్ననా అంటే సరే. ప్రతి సరే కిందా వాడే పెట్టిన బొటనవేలి బొమ్మ ఉంది. కాసేపు పైకి చదివాడు, తరవాత చదవలేక లారీ మెట్టు మీద కూలబడ్డాడు.

"నాయినా, సత్తుపల్లి వస్తవా?"

నోటితో అడగడం అదే మొదటిసారి. ఎల్లస్వామి తల అడ్డంగా ఊపాడు. ఒకేసారి. అంతే పట్టింది జవాబుకి.

సిగ్గుపడ్డ మనిషి ఎవరిమీదైనా విరుచుకుపడితేగానీ నిలవలేడు కదా. సంపత్ తల్లివైపు తిరిగాడు. బతుకమ్మ ఖాళీ అయిన గది ఊడ్చి, చీపురు చేత్తో గుమ్మంలో నిలబడి ఉంది.

"నాయినంటె ఫోన్ల కొట్టలేకపాయె. నీకేమైందమ్మా? మూటలన్ని నువ్వే కడ్తివి. వద్దని ఒక్క మాట నువ్వన్న చెప్పాలె గదా."

ఆమె గొంతు పెంచలేదు. ఇంకా ఎవరో లోపల నిద్రపోతున్నారన్నట్టే మాట్లాడింది.

"మీ నాయినకు గొంతు లేదని ఒకటికి రెండు ఫోన్లు తెస్తిరి బిడ్డా. నాకు గొంతున్నది. నన్నెవలడిగిండ్రు?"

సంపత్‌కన్నా ఎక్కువ అదిరిపోయింది ఎల్లస్వామి. భార్య మొహంలోకి ఆ మనిషిని అప్పుడే కొత్తగా చూస్తున్నట్టు చూశాడు. అతనూ అడగలేదు మరి. అడగలేదన్న సంగతి కూడా అతనికి అప్పటిదాకా తట్టలేదు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. జకర్యా అయితే రోడ్డువైపు తిరిగి నిలబడ్డాడు.

లారీ డ్రైవర్‌కి ఇదంతా ఏమీ అంతుపట్టలేదు. బయలుదేరాలో వద్దో తెలియక మొగవాళ్లందరి మొహాలూ చూశాడు. ఎవరూ పలకకపోయేసరికి చీపురు పట్టుకున్న ఆమెనే అడిగాడు, సామాను దించాలా అమ్మా అని.

"దించు" అంది బతుకమ్మ.