నడుము మీది తామర

పెళ్లయిన కొత్తలో ఇస్నాపూర్‌లో ఒక గది కిరాయికి తీసుకున్నాం. మా ఆయనకు దగ్గర్లోని మందుల ఫ్యాక్టరీలో పని. మా అత్తమ్మ కూడా మాతోనే ఉండేది. వరసగా ఉన్న గదులన్నిటికీ ఒకటే వాకిలి, ఒకటే దండెం. షిఫ్టు దిగి వచ్చే మగవాళ్లంతా దాని పక్కనుంచే నడవాలి. అందుకని లంగాలు గదిలోనే, తలుపు వెనక ఆరేసుకునేవాళ్లం. వానాకాలంలో అవి ఆరేవి కావు. తడి తడిగానే కట్టుకునేదాన్ని.

ఆ ఏడు లంగా బొందు బిగించే చోట దురద మొదలైంది. ముందు చిన్న పొక్కులు. తర్వాత గాజులా గుండ్రంగా పెరిగింది. అంచు ఎర్రగా ఉబ్బి పొట్టు రాలేది, నడిమి చర్మం మాత్రం మామూలుగానే ఉండేది. తామర అని తెలిసిపోయింది. శుభ్రం లేనివాళ్లకే అది వస్తుందని చిన్నప్పటినుంచీ విన్నదాన్ని. మా ఆయన గదిలో ఉంటే చీర మార్చుకోవడం మానేశాను.

మెడికల్ షాపులో ఒంట్లో ఎక్కడో చెప్పకుండా, దురదకని మాత్రమే అడిగి ట్యూబు తెచ్చుకున్నాను. రాస్తే హాయిగా ఉండేది. ఆపగానే పొట్ట మీదికి పాకింది. చివరికి కూరగాయలకని చెప్పి పటాన్‌చెరు బస్సెక్కాను.

డాక్టరమ్మ చీర పక్కకు తియ్యమంటే నాకు చేతులు రాలేదు. ఆమె చూసి, ఆ ట్యూబు దురదను అణిచి తామరను పెంచుతుందని, పారెయ్యమని చెప్పింది. వేరే మందు రాసిచ్చింది. మచ్చ చుట్టూ ఉన్న మంచి చర్మానికి కూడా రాయాలి, మానినట్టు కనిపించినా కొన్ని వారాలు ఆపకూడదు, బట్టలు ఎండలో ఆరాలి, ఎవరి తువ్వాలు వాళ్లకే ఉండాలి.

"ఇంట్ల ఇంకెవరికన్న ఉంటే వాళ్లు గూడ వాడాలె. లేకుంటే మళ్లొస్తది," అంది.

అత్తమ్మకూ నాకూ ఒకటే తువ్వాలు. నా వల్ల ఆమెకు అంటిందేమోనని బస్సులో దారంతా అదే ఆలోచన.

మందు బియ్యం డబ్బా వెనక పెడుతుండగా అత్తమ్మ చూసి, ఏందని అడిగింది. తల వంచుకుని చెప్పాను. ఆమె వెళ్లి తలుపు గొళ్లెం పెట్టి, అటు తిరిగి చీర కొద్దిగా వదులు చేసింది. నడుము చుట్టూ నా వాటికంటే పాత మచ్చలు, నల్లబడి, గోకి గోకి చర్మం మందమైపోయినవి.

"నీకన్న ముందుగాల నుంచే ఉంది బిడ్డా. కోడలికి ఎట్ల చూపిస్త అని ఊకున్న."

మందు తీసి ఆమె నడుముకు రాశాను. ఆమె గోడ వైపే చూస్తూ నిలబడింది.

మరునాడు లంగాలు దండెం మీద వేశాను కానీ, వాకిట్లో మగవాళ్ల అలికిడి వినపడ్డప్పుడల్లా లోపలికి తప్పుకునేదాన్ని. మా ఆయనకు అత్తమ్మే చెప్పింది, ఆయనకు అంటుకోలేదు. దసరా నాటికి ఇద్దరికీ మానింది. ఆ తర్వాత ఆ మాట మేమిద్దరం ఎన్నడూ ఎత్తలేదు.