చిన్నాయనను తిట్టే పని

నా చిన్నప్పుడు మా అవ్వ నాకొక పని అప్పజెప్పింది. మా చిన్నాయన లెక్కలు చెబుతున్నంతసేపూ ఎదురుగా నిలబడి ఆయన్ని తిట్టాలి. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అప్పట్లో ఆ మంటంతా మా అవ్వ మీదే ఉండేది.

ధాత నామ సంవత్సరంలో వచ్చిన కరువుకు అది రెండో ఏడు. ఉదయగిరి కొండ కింద మా మాలపల్లెలో ఎవరింట్లోనైనా పొయ్యి వెలిగితే పిల్లలం వెళ్లి ఆ వాకిట్లో ఊరికే నిలబడేవాళ్లం. మా నాయన కరువు మొదట్లోనే జ్వరం వచ్చి పోయాడు. ఆత్మకూరు పోయే దారిలో సర్కారువాళ్లు రోడ్డు పని పెడితే మా అమ్మ, అవ్వ అక్కడ కంకర కొట్టేవాళ్లు. కూలికిచ్చిన జొన్నలు కొంగున మూటగట్టుకుని వస్తే ఇంటిల్లిపాదికీ ఒక పూట గంజి అయ్యేది. నా తమ్ముడు అప్పటికి చంకబిడ్డ. ఏడవడానికి కూడా ఓపిక లేక కళ్లు తేలేసి పడుకునేవాడు.

అలాంటప్పుడు ఆ పనిచోట గుమాస్తా ఒకడు కావాలని దండోరా వేశారు. కూలీల పేర్లు చదవాలి, ఏ ముఠాకు ఎన్ని జొన్నలు కొలవాలో లెక్క తేల్చాలి. చేతిరాత అర్జీ ఒకటి చదివించి, నోటిలెక్కలు అడిగి, సరిగ్గా చెప్పినవాడిని పనిలోకి తీసుకుంటారట. మా చిన్నాయన నెల్లూరులో తెల్లదొరల బడిలో చదువుకున్నాడు. కరువుకు ఆ బడి మూతపడి ఇంటికి వచ్చి ఉన్నాడు. ఆయనకు ఆ పని దొరికితే రెండు పూటలా గంజి కాచుకోవచ్చు. దొరక్కపోతే చంటివాడు బతకడని మా అమ్మ అందరి ముందూ అనేసింది.

చిన్నాయన తనకు బడిలో అలవాటైన తీరులోనే తయారవసాగాడు. గుడిసె నీడలో బాసింపట్టు వేసుకుని, పలక ఒళ్లో పెట్టుకుని, గొంతు తగ్గించి తనకు తాను చదువుకునేవాడు. మా అవ్వకు అక్షరం ముక్క రాదు. ఆ రోజుల్లో సుత్తి దెబ్బకు వేలు చితికి ఇంటిపట్టున ఉంది. కాసేపు ఆయన్ని చూసి చూసి, లేచి వచ్చి పలక లాగేసింది.

"నిన్ను నీడన కూర్చోబెట్టి అడుగుతారనుకుంటివా? చేతికి పలక ఇస్తారనుకుంటివా? లెయ్‌రా. ఎండలోకి నడువు" అంది.

అప్పటి నుంచి రోజూ మిట్టమధ్యాహ్నం ఆయన్ని వాకిట్లో నిలబెట్టేది. తను సందుకు అవతల గోడవార కూర్చుని అక్కడి నుంచి లెక్కలు అరిచేది. ముఠాలో ఇంతమంది ఉంటే, తలా మానెడైతే, పిల్లకాయలకు అందులో సగమైతే ఎన్ని జొన్నలని అడిగేది. జవాబు సరైనదో కాదో ఆమెకు వేళ్ల మీద తెలిసిపోయేది. ఆయన జవాబు సందు దాటి వినబడకపోతే మళ్లీ మొదటికొచ్చేది. ఏదో ఒక పాత కాగితం నలిపి దుమ్ములోకి విసిరి, తీసుకుని చదవమనేది. గాలికి కాగితం కొట్టుకుపోతుంటే చిన్నాయన ఉరికేవాడు. ఉరికితే చూసి నవ్వుతారని, నిమ్మళంగా పోయి తీసుకోమని కసురుకునేది.

అన్నిటికన్నా నా పనే కష్టం. నీకెందుకురా చదువు, నీ మొహానికి గుమాస్తా పనొకటా, ఇలాంటి మాటలు అవ్వ నేర్పేది, నేను అనాలి. భుజాల మీద ఎక్కించుకుని నన్ను ఊరంతా తిప్పిన మనిషిని 'రా' అనడానికి నాకు నోరెలా వస్తుంది? అనకపోతే మొట్టికాయ వేసేది. ఏడుస్తూ అన్నాను. నేను అనగానే చిన్నాయన లెక్క తప్పాడు. అవ్వ మళ్లీ అనమంది. ఆయన తడబడకుండా చెప్పేదాకా నా చేత అనిపించింది. ఈ ముసలిదానికి కన్నబిడ్డ మీద కూడా జాలి లేదనుకుని ఆమె పక్కలో పడుకోవడం మానేశాను.

పరీక్ష రోజున మా అమ్మ వెంట నేనూ పోయాను. రోడ్డు పక్కన తడికెల పాక వేసి ఉంది. ఊళ్లోంచి వచ్చిన కుర్రాళ్లు ఇద్దరు లోపల చాప మీద కూర్చున్నారు. వాళ్లకు మంచినీళ్లు ఇచ్చారు, కాగితం చేతికిచ్చారు, లెక్క వేసుకోవడానికి పలక ఇచ్చారు. మా చిన్నాయనను పాకకు దూరంగా ఎండలో ఆగిపొమ్మన్నారు. బంట్రోతు కాగితాన్ని ఆయన వైపు విసిరాడు. అది గాలికి ఎగిరి కంకర కుప్ప మీద పడింది. చిన్నాయన నిమ్మళంగా నడిచి వెళ్లి తీసుకున్నాడు. పరీక్ష పెట్టే పెద్దమనిషి లోపలి నుంచి, "నీకెందుకురా చదువు? సరే, బిగ్గరగా ఏడువు, వింటాం" అన్నాడు. పక్కన కూర్చున్నవాళ్లు నవ్వారు. 'నీకెందుకురా చదువు' అన్నది నేనన్న మాటే.

చిన్నాయన గొంతు వణకలేదు. అర్జీ ఆఖరిదాకా చదివాడు. లెక్కలు అడిగినవి అడిగినట్టు చెప్పాడు.

పని ఆయనకే ఇచ్చారు. మాలపల్లె ముఠాల మధ్య తిరిగి పేర్లు చదవడానికి ఊరి కుర్రాళ్లు ఒప్పుకోలేదు మరి. పాకలో మాత్రం చోటు లేదని, బయటే నిలబడి రాసుకోవాలని ఆ పెద్దమనిషి అన్నాడు. చిన్నాయన తల ఊపాడు. చంటివాడి సంగతి తెలిసిన మనిషి ఇంకేం చేస్తాడు?

నేను ఒక్క పరుగున ఇంటికి వచ్చి జరిగిందంతా చెప్పి, "నువ్వు చెప్పినట్టే అయిందవ్వా! మనమే గెలిచినాం!" అని గంతులు వేశాను. అవ్వ ఎత్తుకుని ముద్దాడుతుందనుకున్నాను. ఆమె చేతిలో ఉన్న చాటను గోడకేసి కొట్టింది.

"ఏందే గెలిచింది? వాడికి చదువు దొరలు చెప్పినారు. నేనేం చెప్పినాను? తిట్టినా పడి ఉండమని చెప్పినాను. కన్నతల్లి కొడుక్కి చెప్పే పాఠమా అది? చెప్పకపోతే ఈ చంటిబిడ్డ చచ్చిపోతాడు. నా చేత ఆ పని చేయించినారే, వాళ్ల ఇల్లు పాడుగాను!"

తర్వాత నన్ను దగ్గరికి లాక్కుని, "నీ నోట కూడా అనిపించినాను" అంటూ కట్టు కట్టిన చేత్తోనే నా నోరు తుడిచింది. తుడిచినదే తుడిచింది. ఆ కట్టు గరుకుదనానికి పెదవులు మండినా నేను కదల్లేదు. ఆమె కోపం ఎవరి మీదో నాకు అప్పుడు తెలిసింది. నా కోపం కూడా అటే మళ్లింది.

నా తమ్ముడు బతికాడు. రోడ్డు పని అయిపోయేదాకా చిన్నాయన ఎండలోనే నిలబడి లెక్కలు రాశాడు. ఆయన ఓర్పే ఓర్పని అందరూ మెచ్చుకున్నారు. ఆ మెప్పు వింటే మా అవ్వ లేచి వెళ్లిపోయేది.

నేను బడిపంతులమ్మనై ముసలిదాన్నయ్యాను. పల్లె పిల్లలు ఉద్యోగ పరీక్షలకు తయారవడానికి నా దగ్గరికి వస్తుంటారు. వాళ్ల చేత అర్జీలు చదివిస్తాను, నోటిలెక్కలు చెప్పిస్తాను. అక్కడ ఎదురయ్యే అవమానం కూడా కాస్త రుచి చూపించమ్మా, గట్టిపడతారు అని కొందరు పెద్దలు సలహా ఇస్తారు. నేను ఆ పని చచ్చినా చేయను. మా పిల్లల్లో ఎవరినైనా వాకిట్లో నిలబెట్టి అడిగారని తెలిస్తే బండి కట్టించుకుని నేనే వెళతాను. ఆ పెద్దమనుషుల ముందు కూర్చుని, బిడ్డను లోపలికి పిలిచేదాకా లేవను. ఈ వయసులో ఇంత కోపమేమిటమ్మా అంటారు. ఈ కోపం మా అవ్వది. బతికినన్నాళ్లూ ఆమె దాన్ని అలాంటి పెద్దమనుషుల ముందు బయటపెట్టలేకపోయింది.