అత్త చెప్పిన రాణి

మా అత్త పోయిందన్న కబురు పుంగనూరు నుంచి వచ్చింది. మదనపల్లెలో నేను పనిచేసే ల్యాబు తలుపు అప్పుడే తీస్తున్నాను. ఫోన్ చేసింది ఆమె పక్కింటామె. "అమ్మా, మీ అత్త ఇంక లేదమ్మా. పొద్దున్నే కాఫీ పెట్టుకోని వాకిట్లో కుర్చీ యేసుకోని కూసునింది. పిలిస్తే పలకలా. కునుకు తీస్తాండాదేమో అనుకుంటి," అని చెబుతూ ఆమె ఏడ్చింది. నేను ఏడవలేదు. నాకు మొట్టమొదట వచ్చిన ఆలోచన చెబితే మీకు వింతగా ఉంటుంది. ఈ సంగతి రాణికి నాకంటే ముందే తెలిసి ఉంటుందా అనుకున్నాను.

రాణి మా చిన్నాన్న కూతురు. వాళ్లది కుప్పం. నాకంటే కొన్ని నెలలు చిన్నది. ఆమెను నేను చూసింది తక్కువ, ఆమె గురించి విన్నది చాలా ఎక్కువ. ఆ విన్నదంతా అత్త నోటి నుంచే.

అత్త మా నాన్నకు అక్క. మా తాత కూలికి పోయేవాడు. నాన్న ఒక మిషన్ ఆసుపత్రిలో వార్డుబాయ్, చిన్నాన్న కుప్పం దగ్గర గ్రానైట్ క్వారీలో పనివాడు. మా ఇంట్లో పంతులమ్మ అనిపించుకున్న మొదటి మనిషి అత్త. పెళ్లి చేసుకోలేదు. రాణినీ నన్నూ చదివించింది ఆమే. నన్ను కాలేజీలో చేర్చడానికి ఆఫీసు ముందు మధ్యాహ్నం దాకా నిలబడి, కూర్చోమన్నా కూర్చోకుండా, పని అయ్యాకే నీళ్లు తాగింది. ఈ మాట ముందే చెప్పుకోవాలి. ఇక చెప్పబోయేది విని, నేను తిన్నింటిని మరిచినదాన్నని మీరు అనుకోకూడదు.

వేసవి సెలవుల్లో నన్ను పుంగనూరు తీసుకుపోయేది. సగం సెలవులు నావి, మిగతా సగం రాణివి. ఇద్దరం ఒకేసారి ఆ ఇంట్లో ఉన్నది ఎన్నడూ లేదు. "ఇద్దరూ చేరితే అల్లరే గానీ సదువు ఉండదు," అనేది అత్త. ఆ మాట నాకు సబబుగానే తోచేది. శనివారం కుంకుడుకాయ నలగ్గొట్టి తలంటేది. కళ్లు మండుతున్నాయని కేకలు పెడితే చెంగుతో ఒత్తేది. జడ ఎంత బిగించి అల్లేదంటే కనుబొమలు పైకి లాగేవి. సంగటి ముద్దలో గుంట చేసి నెయ్యి పోసి, వేళ్లు కాలకుండా ఎలా తుంచుకోవాలో చూపించేది. అన్నీ ప్రేమగా చేసేది, అది మాత్రం నిజం. చేస్తూ చేస్తూ ఒక మాట అనేది.

"నిన్ను నువ్వు సూసుకుంటే సాలదమ్మా. పక్కదాన్ని సూడాల."

పక్కది అంటే రాణి. రాణి చేతిరాత అచ్చు వేసినట్లు ఉంటుంది. రాణి చెప్పకుండానే లేచి చదువుకుంటుంది. రాణి ఎదురు మాట్లాడదు. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు అత్త బడికి సెలవు పెట్టి వచ్చి, మంచం పక్కనే కూర్చుని నాకు చెంచాతో గంజి తాగించింది. నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూ, "లేసి కూసోమ్మా. రాణి అయితే ఈ పాటికి లేసి తిరగతా ఉంటాది," అంది. జ్వరంలో కూడా నేను రాణి కంటే వెనకే.

ఒక క్రిస్మస్‌కు మా చర్చిలో నన్ను ఒక్కదాన్నే పాడమన్నారు. పాస్టరమ్మ నా చేత నెలరోజులు పాడించి చూసి, నువ్వే పాడాలని పట్టుపట్టింది. పాడాను. బయటికి వచ్చాక ముసలివాళ్లు నా తల మీద చెయ్యిపెట్టి దీవించారు. ఆ రోజు అత్త కూడా వచ్చింది. నేను ఆమె ముఖంలోకే చూస్తున్నాను.

"బాగుంది," అంది. "అయితే రాణి పాడితే ఇనాల నువ్వు. కుప్పం చర్చిలో అది నోరు తెరిస్తే జనం లేసి నిలబడతారు."

తర్వాత నేను ఒంటరిగా పాడలేదు. కోయర్‌లో వెనక వరసలో నిలబడి అందరి గొంతులో గొంతు కలిపేదాన్ని. ఎవరైనా ముందుకు పిలిస్తే గొంతు బాగాలేదని చెప్పేదాన్ని. అలా చెప్పగా చెప్పగా నిజంగానే బాగాలేదని నాకే నమ్మకం కుదిరింది.

ఉద్యోగం వచ్చింది. అయినా ఆ అలవాటు పోలేదు. ల్యాబులో పెద్ద డాక్టరు ఒకసారి, "ఈ రిపోర్టులో తప్పు పట్టుకున్నది నువ్వేనా? బాగా పట్టుకున్నావు," అన్నారు. నేను వెనక్కి తిరిగి చూశాను. వెనక ఎవరో ఉన్నారని, ఆ మాట వాళ్లదని అనుకున్నాను. "రాణి బెంగళూరులో మేనేజరు అయింది," అని అత్త చెప్పిన రోజు నాకు అన్నం సహించలేదు. నా పెళ్లికి రాణి వచ్చి, కానుక చేతిలో పెట్టి, తినకుండానే వెళ్లిపోయింది. అంత గొప్పది మా పందిట్లో ఎందుకు తింటుందిలే అనుకున్నాను. కుటుంబం వాట్సాప్ గ్రూపులో ఆమె ఫొటో వస్తే తెరవకుండానే తీసేసేదాన్ని.

అత్తను సమాధి చేసిన రోజు సాయంత్రం, వచ్చినవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. పెరట్లో గిన్నెలు కుప్పగా పడి ఉన్నాయి. నేను తోముతూ ఉంటే ఎవరో వచ్చి పక్కన గొంతుక్కూర్చుని కడగడం మొదలుపెట్టారు. తలెత్తి చూస్తే రాణి. మాట ఆమే మొదలుపెట్టింది.

"అక్కా, సమాధి కాడ నువ్వు పాడతావేమో అనుకుంటి. యాల పాడలేదు?"

ఎగతాళి చేస్తోందనుకున్నాను. "నువ్వుండగా నేనెందుకు? నువ్వు పాడితే జనం లేచి నిలబడతారంట కదా," అన్నాను.

ఆమె చేతిలో గిన్నె అట్లాగే ఆగింది. "నేనా? నాకు పాటే రాదు గదక్కా. కోయర్‌లో నిలబెడితే నోరు కదిలిస్తాను అంతే. నీకెవరు సెప్పినారు?"

"అత్త."

రాణి నా ముఖం చూసింది. తర్వాత ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టింది. "నీకు లెక్కల్లో ఎప్పుడూ నూటికి నూరేనంట గదా?"

"నాకా? తొమ్మిదో తరగతిలో లెక్కల్లో తప్పాను. అత్తే దగ్గర కూర్చోబెట్టి నేర్పించింది."

"నీ మాదిరి నాకు రావని నేను ఇంటర్‌లో లెక్కలు వదిలేస్తినక్కా. మా సార్ బతిమలాడినాడు. నాకు లెక్కలంటే పానం." రాణి గిన్నె కింద పెట్టేసింది. "అత్త నీ పేరు ఎత్తినప్పుడల్లా నేల లోపలికి పోతానేమో అనిపించేది. నీ పెండ్లికి భయపడతానే వస్తిని. నీ పక్కన కూసోని తినే ధైర్యం రాలా."

"మరి నువ్వు మేనేజరు..."

"ఫోన్లు ఎత్తుతానక్కా. కుప్పంలో పొద్దున రైలెక్కి పోయి, దినమంతా ఒక ఆఫీసులో ఫోన్లు ఎత్తి, మళ్లీ రైలెక్కి వస్తాండాను."

మాకు నవ్వు రాలేదు. సెలవులు రెండు ముక్కలుగా ఎందుకు పంచిందో ఆ పెరట్లో నాకు తెలిసింది. ఇద్దరం కలిస్తే ఒక్క పూటలో అంతా బయటపడేది. చదువు కోసం మందలించడం వేరు. అది ప్రతి టీచరూ చేస్తుంది. మా అత్త లేని రాణిని తయారుచేసి నా ముందు పెట్టింది. లేని నన్ను తయారుచేసి రాణి ముందు పెట్టింది. అన్నేళ్లూ మేమిద్దరం లేని మనుషులతో పోటీపడి ఓడిపోతూ వచ్చాం. నా చెంచా గంజి, నా తలంటు, నా జడ, అన్నింటిలోనూ ఆ అబద్ధం కలిసి ఉందా అనిపించింది. ఆ రోజంతా రాని ఏడుపు అప్పుడు వచ్చింది. అది అత్త పోయినందుకు వచ్చిన ఏడుపు కాదు.

వరండాలో కూర్చున్న చిన్నాన్న దగ్గరికి ఇద్దరం తడి చేతులతోనే వెళ్లాం. రాణి అడిగింది, "నాయినా, నీకు తెలుసునా ఇది?"

ఆయన కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "మా నాయిన మీ అత్తను మిషన్ ఆసుపత్రి డాక్టరమ్మ కూతుర్ని సూపిచ్చి సూపిచ్చి సదివించినాడమ్మా. అది ఏడుస్తానే సదివింది, టీచరయింది. పనిచేసిన మందు గదా అని అదే మీకూ పోసింది."

"మాకు ఏం రోగముండె నాయినా?" అంది రాణి.

జవాబు చెప్పవలసిన మనిషిని మధ్యాహ్నమే మట్టిలో పెట్టి వచ్చాం. పోయినవాళ్ల మీద కోపం ఎంత కష్టమో పడినవాళ్లకు తెలుస్తుంది. అరిచినా వినరు, అలిగినా బుజ్జగించరు. చివరిదాకా ఉండిపోయిన, అత్తతో పనిచేసిన ఒక టీచరమ్మ వెళ్లేముందు మా ఇద్దరి చేతులూ పట్టుకుని, "మీరేనా ఆ పిల్లోళ్లు? స్టాఫ్ రూములో మీ ఇద్దరి ముచ్చట్లే. ఒకటి పాట, ఒకటి లెక్కలు అని ఎంత పొంగిపోతాండె," అంది. అంటే అత్తకు తెలుసు. నా పాట ఎంతటిదో, రాణి బుర్ర ఎంతటిదో బాగా తెలుసు. ఊరందరికీ చెప్పి, వినవలసిన మా ఇద్దరికే చెప్పకుండా పోయింది. ఈ ఒక్కటి నేను ఇప్పటికీ మింగలేకపోతున్నాను.

ఆమె లేకపోతే నేను ఈ ఉద్యోగంలో ఉండేదాన్ని కాదు. రోజూ పొద్దున తెల్లకోటు వేసుకునేటప్పుడు ఆ సంగతి గుర్తొస్తుంది. ఆమె లేకపోతే నాకు చిన్నప్పుడే ఒక చెల్లెలు ఉండేది. అదీ గుర్తొస్తుంది. ఒకటి ఇంకొకదాన్ని చెరపదు. పిల్లల్ని పెంచుతున్నవాళ్లు మీలో చాలామంది ఉంటారు. మెచ్చుకోవలసిన మాట ఏదైనా ఉంటే ఆ బిడ్డ ముఖం మీదే అనేయండి. ఇంతకంటే చెప్పే అర్హత నాకు లేదు.

జ్ఞాపకార్థ కూడికకు ముందే సమాధికి రాయి పెట్టాలని కుప్పం వెళ్లాను. చిన్నాన్నకు తెలిసిన, రాళ్లు చెక్కే షెడ్డులో రాణి, నేను ఒక నల్లరాయి ఎంచాము. పాస్టరుగారు 'ఆదర్శ ఉపాధ్యాయురాలు' అని రాయించమన్నారు. ఆ మాట వినగానే ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం.

"ఆదర్శం వద్దన్నా," అంది రాణి చెక్కే అతనితో.

"పోనీ, 'ప్రియమైన' అని పెడదామా అమ్మా? అందరూ అదే పెట్టిస్తారు."

"అందరి మాట మాకెందుకన్నా." రాణి నా వైపు తిరిగింది. "నువ్వు సెప్పక్కా."

నేను పేరు కింద 'మా అత్త' అని చెక్కమన్నాను. రాణి తలూపింది. అతను సుద్దముక్కతో రాతి మీద అక్షరాలు గీయడం మొదలుపెట్టాడు. పక్కనే రాయి కోసే మిషన్ మొదలైంది. బూడిదరంగు దుమ్ము లేచి మా జుట్టు మీదా, ముఖాల మీదా పడింది. నేను కళ్లు నులుముకోబోతే రాణి నా చెయ్యి పట్టి ఆపింది. పక్కనున్న నీళ్లతొట్టిలో చున్నీ అంచు ముంచి పిండి, "కదలొద్దక్కా," అంటూ నా కళ్ల మీద దుమ్ము మెల్లగా తుడవసాగింది.